సముద్రం లేని సీమకు దొరికిన ఒడ్డు

పోచారం జలాశయం నిండి మత్తడి దుంకుతున్నదన్న కబురు చాలు, ఆ ఆదివారం మెదక్–ఎల్లారెడ్డి రోడ్డు మీద కాలు పెట్టే జాగా ఉండదు. పిల్లాపాపలతో మోటారుసైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు, ఆటోల్లో దిగినవాళ్ళు, తెల్లారకముందే పట్నం నుంచి కార్లలో బయల్దేరినవాళ్ళు ఒడ్డు పొడుగునా నిలబడి, రాతి మీదుగా తెల్లగా జారే నీళ్ళను చూస్తుంటారు. మక్కకంకులు కాలే బొగ్గుల వాసన, చేపముక్కలు వేగే నూనె వాసన గాలిలో కలిసి వస్తాయి. అక్కడి నుంచి ఎల్లారెడ్డి దాటి వాయవ్యానికి పోతే నిజాంసాగర్. గేట్లు లేపిన రోజున ఆ కట్ట మీద పక్కవాడి మాట వినపడదు. గేట్లు మూసిన రోజున కంటి చివరిదాకా నీళ్ళే, ఆవలి గట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

దక్కను పీఠభూమి నడిమధ్యన, తూర్పు సముద్రానికీ పడమటి సముద్రానికీ వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ నేలకు ఇంత నీటి ఒడ్డు పుట్టుకతో రాలేదు. అది వంద, నూట పదేళ్ళలోపు తయారైనది. ఒక్కమాట ముందే చెప్తాను. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మురిసిపోయే నీటి చోట్లన్నీ పొలం కోసం, గింజ కోసం, దాహం కోసం కట్టినవే. అందం ఆ పని వెంట వచ్చింది. వెనక్కి తిరిగి ఆ దారి పొడుగునా చూస్తే తప్ప, ముందు ఏంచేయాలో తెలియదు.

మంజీర నుంచే మొదలుపెట్టాలి. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, మెదక్ దగ్గర ఉత్తరానికి మళ్ళి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక. ఏడుపాయల దగ్గర ఏడు పాయలుగా చీలి, బండల మధ్య నుంచి పారి, మళ్ళీ ఒక్కటవుతుంది. శివరాత్రికి వనదుర్గమ్మ జాతరకు వచ్చే జనం చూసేది ఆ పాయలనే. వానాకాలంలో ఉరికే ఈ నది ఎండాకాలం వచ్చేసరికి ఇసుకమేట. పారే నాలుగు నెలల నీటిని పన్నెండు నెలలకు ఎట్లా పంచాలన్నదే ఇక్కడివాళ్ళకు వందల ఏళ్ళ ప్రశ్న.

కాకతీయుల కాలం ఆ ప్రశ్నకు చెరువులతో జవాబిచ్చింది. వాగుకు అడ్డంగా మట్టికట్ట, ఒక తూము, నిండితే పోవడానికి ఒక మత్తడి, కిందికి పారితే మరో ఊరి చెరువు. ఆ గొలుసు తెలంగాణ అంతటా ఉన్నట్టే ఇక్కడా ఉంది. దోమకొండ కోటలోని మహాదేవుని గుడి ఆ కాలపు పనితనానికి ఈ ప్రాంతంలో మిగిలిన మంచి గుర్తు. కోట తరవాతిది. దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశంవాళ్ళు కట్టుకున్నది. కామారెడ్డి ఊరి పేరు కూడా ఆ వంశపు చిన్న కామిరెడ్డి పేరు మీదుగానే వచ్చిందని స్థానికుల నమ్మకం. ఆ కోటను ఆ కుటుంబీకులే పూనుకొని బాగుచేయిస్తే, 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. కోటల్ని ఇష్టపడేవాళ్ళు జుక్కల్ వైపు కౌలాస్ దాకా కూడా పోవచ్చు. 1857 తిరుగుబాటులో నిజాం రాజ్యంలో బయటపడిన పేర్లలో కౌలాస్ రాజా దీప్‌సింగ్ ఒకరు.

నా మనసు మాత్రం కోటల కంటే ఒక బావి దగ్గర ఎక్కువ ఆగుతుంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో లింగంపేట వస్తుంది. అక్కడ నాగన్న బావి. పద్దెనిమిదో శతాబ్దం నాటిదని చెప్పుకుంటారు. నేలలోకి అంతస్తులంతస్తులుగా దిగిపోయిన రాతి మెట్లు, ఒక్కో అంతస్తుకు అరుగులు, మూలమూలకూ ఏటవాలుగా కలిసే గోడలు. ఎంత ఎండలోనైనా నాలుగు మెట్లు దిగేసరికి చల్లదనం తగులుతుంది. ఏళ్ళ తరబడి చెత్తతో, పిచ్చిచెట్లతో నిండిపోయిన దాన్ని ఇటీవలి ఏళ్ళలో పూడిక తీసి, రాళ్ళు సరిచేసి మళ్ళీ జనం చూసేటట్టు చేశారు. చెరువు నీటిని నేల మీద ఆపితే, ఈ బావి నేల కిందికి ఇంకిన నీటి దగ్గరికి మనిషిని తీసుకుపోయింది. ఎల్లారెడ్డి వైపు వచ్చే ప్రతివాళ్ళూ ముందు దీన్ని చూసి, ఆ తరవాత జలాశయాల దగ్గరికి పోవాలంటాను. నీటి విలువ తెలిసిన కళ్ళతో చూసినప్పుడు నిజాంసాగర్ ఇంకా పెద్దగా కనబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళకు సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్‌గేజి రైలు పూర్తయింది. కామారెడ్డి ఆ దారిలో ఒక స్టేషన్. చిన్న ఊరు సంతగా, సంత మార్కెట్టుగా పెరగడానికి ఆ పట్టాలే కారణం. కామారెడ్డి బెల్లానికి పేరొచ్చింది కూడా చుట్టుపక్కల పండే చెరుకు, దాన్ని దూరం మోసుకుపోయే రైలు కలిసినందువల్లనే. ఎల్లారెడ్డికి రైలు రాలేదు. తాలూకా కేంద్రంగా, సంత ఊరుగా తన పాటికి తాను ఉండిపోయింది. అయితే నీటి కథలో పెద్ద మలుపులన్నీ ఆ ఎల్లారెడ్డి చుట్టూరానే జరిగాయి.

మొదట 1905లో, మెదక్ దగ్గర మంజీర మీద ఘనపురం ఆనకట్ట. మూడేళ్ళకు, 1908 సెప్టెంబరులో, హైదరాబాదులో మూసీ వరద. ఆ వరద రాజ్యపు ఇంజనీర్ల ఆలోచనను మార్చేసింది. నీటిని ఆపడం అంటే ఊరిని కాపాడడం, పొలాన్ని తడపడం రెండూ అని అర్థమైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పట్నానికి వచ్చినట్టే, పల్లెలకు కూడా ప్రాజెక్టులు రావడం మొదలైంది. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1916లో పోచారం పనులు మొదలై 1922కు పూర్తయ్యాయి. రాయి, డంగుసున్నం కలిసిన కట్టడం. గేట్ల మీద ఆధారపడకుండా, నిండగానే తనంత తానే పొంగి దుంకే పొడవాటి మత్తడి. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఆ నీటి తెర, ఇంజనీరు లెక్కలో వరదను వదిలే దారి.

అదే పదేళ్ళలో, పోచారానికి దగ్గర్లోనే మెదక్ చర్చి కూడా లేచింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ, కరువులో మాడుతున్న జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి దాన్ని కట్టించాడని ఆ ప్రాంతం ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1924 డిసెంబరు 25న దానికి ప్రతిష్ఠ జరిగింది. పోచారం కట్ట, మెదక్ చర్చి ఒకే కరువు సీమలో లేచిన కట్టడాలు. చర్చి ఆ పూట కూలి ఇచ్చి ఆదుకుంటే, కట్ట ఆ తరవాతి తరాలకు తిండి గింజలు ఇచ్చింది. చూడవచ్చేవాళ్ళు ఒక్కరోజులో రెంటినీ చూసిపోతారు. వాటి వెనక ఉన్న ఆకలిని కూడా తలుచుకుంటే బాగుంటుంది.

ఇక నిజాంసాగర్. ఇక్కడ కొంత నింపాదిగా నిలబడాలి. అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ళ మధ్య మంజీరకు అడ్డంగా 1923లో మొదలై 1931కు ముగిసిన పని. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం. పనిని నడిపించింది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జులై 11న పుట్టి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు చదివి వచ్చి, హైదరాబాద్ రాజ్యపు నీటిపనులకు రూపం ఇచ్చినవాడు. ఆయన పుట్టినరోజునే తెలంగాణ ఇప్పుడు ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట, దాని మీద బండ్లు నడిచే రోడ్డు, దూరంగా గుట్ట మీద గోల్‌బంగ్లా. యంత్రాలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, గుట్టలు పగలగొట్టి, రాయి చెక్కి, ఎద్దుబండ్ల మీద మోసి, వేల చేతులు కట్టిన కట్ట అది. కట్ట మీద నడిచేటప్పుడు వంగి ఆ రాళ్ళ అతుకులను చూడండి. తొంభై ఏళ్ళు దాటినా వాటి కూర్పులోని శ్రద్ధ తెలిసిపోతుంది.

ఆ కట్ట వెనక దాదాపు నలభై ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఈ మాటను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు ఇష్టం లేదు. మునిగినవాటిలో ఇళ్ళున్నాయి, బావులున్నాయి, పోచమ్మ గుళ్ళున్నాయి, పెద్దల సమాధులున్నాయి. పైన ఉన్న ఎల్లారెడ్డి వైపు నేల మునిగింది. నీళ్ళు మాత్రం కట్ట కింది బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ వైపు కాలువల్లో పారాయి. మొదటి లెక్క ప్రకారం తడవాల్సిన నేల 2.75 లక్షల ఎకరాలు. ఎదురుగా సముద్రమంత నీళ్ళు కనబడుతూ, ఆ నీళ్ళు తమ పొలానికి ఎక్కని ఊళ్ళు ఈ పై ఒడ్డున ఉన్నాయి. పోచారం ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట రైతులకు దక్కింది కాబట్టి ఆ బాధ కొంత తగ్గింది. ఏ జలాశయం అందాన్ని మెచ్చుకున్నా, ఎవరి నేల మీద ఆ నీళ్ళు నిలబడ్డాయో అడగడం మర్యాద.

కాలువలు రాగానే కింది సీమ ముఖమే మారింది. కోస్తా జిల్లాల నుంచి వరి, చెరుకు పండించడం తెలిసిన రైతులు కుటుంబాలతో వచ్చి వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు స్థిరపడ్డారు. వాళ్ళు నిలిచిన చోట్లు క్యాంపులుగా పేరుపడి, ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. నీళ్ళు తెచ్చిన వెలుగు, ఆ వెలుగు మసకబారడం, రెండూ ఒక తరం వాళ్ళు తమ కళ్ళతో చూశారు.

చూడవచ్చేవాళ్ళ సంగతి ఎప్పుడు మొదలైంది? మొట్టమొదట వేటగాళ్ళు. పోచారం చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. దాన్నే 1952లో వన్యప్రాణి అభయారణ్యం చేశారు. మెదక్, కామారెడ్డి జిల్లాల్లో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. చిరుత, తోడేలు, కణితి, మచ్చల దుప్పి, నీల్గాయి, చింకారా ఇందులో తిరుగుతాయి. జింకల పెంపక కేంద్రం ఉంది. చలికాలం వస్తే టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి, తల మీద నల్లచారలున్న బాతులు ఈ నీళ్ళలో దిగుతాయి. ప్రపంచంలో అంత ఎత్తున ఎగిరే పక్షులు చాలా తక్కువ. అంత దూరం ఎగిరి వచ్చి దిగడానికి అవి ఎంచుకున్నది, వరి కోసం కట్టిన చెరువు. తుపాకీ ఆగిన చోట బైనాక్యులర్లు వచ్చాయి. డెబ్బై ఏళ్ళలో ఈ ఒడ్డున జరిగిన మంచి మార్పుల్లో అన్నిటికంటే గొప్పది ఇదేనంటాను.

ఇక్కడ ఒకసారి గ్రీసు దాకా పోయి రావాలి. చిన్న నీటి ఒడ్డు ఊరు మనుషుల్ని ఎందుకు లాగుతుందో అక్కడివాళ్ళకు బాగా తెలుసు. పెలొపొనీస్‌లో అర్గోలిక్ గల్ఫు ఒడ్డున నాఫ్లియో అనే ఊరుంది. కొత్తగా స్వతంత్రమైన గ్రీసుకు 1829 నుంచి 1834 దాకా అదే రాజధాని. తరవాత రాజధాని ఏథెన్స్‌కు పోయింది. నాఫ్లియో చిన్నగా మిగిలిపోయింది. వెనీసువాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కొండ మీద కట్టిన పలమీది కోట, రేవు నడుమ నీళ్ళలో నిలిచిన బూర్జీ బురుజు, సన్నని వీధులు, రేవు వెంట నడిచే బాట. వచ్చినవాళ్ళు సాయంత్రం అటూ ఇటూ నడుస్తారు, ఆ పూట పట్టిన చేప తింటారు, ఆ రాత్రి ఊళ్ళోనే పడుకుంటారు. కాపలా కోసం కట్టిన కోట ఇవాళ కళ్ళకు ఇంపుగా ఉన్నది. రాజధాని పోవడమే ఆ ఊరి పాత రూపానికి రక్ష అయిందని నేను అనుకుంటాను.

ఎల్లారెడ్డికి, నాఫ్లియోకు పోలిక ఆ పరిమాణంలోనే ఉంది. రైలు రాకపోవడం, పెద్ద పరిశ్రమ పడకపోవడం వల్ల ఎల్లారెడ్డి చుట్టుపక్కల చెరువు, పొలం, అడవి ఒకదానికొకటి అంటుకొనే ఉన్నాయి. పొద్దున లింగంపేట బావి మెట్లు, మధ్యాహ్నం పోచారం అడవి, సాయంత్రం నిజాంసాగర్ కట్ట. ఒక్క రోజులో మూడు కాలాల నీటి పనిని ఇట్లా వరసగా చూపించే దారి తెలంగాణలో మరెక్కడా నాకు తోచదు. తేడా మాత్రం పెద్దది. నాఫ్లియోలో వచ్చినవాళ్ళు రాత్రి ఉంటారు. ఇక్కడికి వచ్చినవాళ్ళు చీకటి పడకముందే తిరిగిపోతారు. కట్ట మీద చేప వేయించే అమ్మకు ఆదివారం సాయంత్రంతో బేరం అయిపోతుంది. జాలరి పట్టిన చేప మంచి ధరకు పట్నం పోతుంది, ఊళ్ళో కూర్చొని తినే చోటు తక్కువ. శుభ్రమైన నాలుగు గదులు, వేళకు వేడి జొన్నరొట్టె, చేపల పులుసు దొరికే చిన్న పూటకూళ్ళ ఇళ్ళు ఉంటే చాలు, ఆ డబ్బు ఒడ్డునే ఉంటుంది. గాజు మేడల రిసార్టులు ఈ ఒడ్డుకు అక్కరలేదని గట్టిగా చెప్తాను. శిఖం భూమిలో, అంటే నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే జలాశయపు అంచు నేలలో, కాంక్రీటు పడితే ముందు పోయేది పక్షులు, ఆ వెంటనే ఎండాకాలం అక్కడ మేసే గొర్రెల మందలు.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకా ఉంది. నిజాంసాగర్ కట్టినప్పుడు పట్టే నీళ్ళు 29.7 టీఎంసీలు. మంజీర పై పొలాల నల్లమట్టిని ఏటా మోసుకొచ్చి జలాశయం అడుగున పరిచింది. 1970ల నాటికి ఆ పూడిక వల్ల సగానికి పైగా చోటు పోయి, 12 టీఎంసీల లోపుకు దిగింది. కట్టను పెంచి కొంత తిరిగి సంపాదించారు. ఇప్పటి లెక్క 17.8 టీఎంసీలు. ఈలోపు పైన సింగూరు జలాశయం వచ్చింది. హైదరాబాదు దాహానికి మంజీర నీళ్ళు పోయాయి. సింగూరు నిండితేనే నిజాంసాగర్‌కు వరద అన్న పరిస్థితి వచ్చింది. వానలు సరిగ్గా పడని ఏళ్ళలో నిజాంసాగర్ అడుగు పగుళ్ళు పట్టి, పశువులు నడిచిన దారులు కనబడ్డాయి. పడవ ఎక్కుదామని వచ్చినవాళ్ళు మట్టిని చూసి వెనక్కిపోయారు. పర్యాటకం గురించి ఎన్ని పథకాలు గీసుకున్నా, పూడిక గురించి ఆలోచించని పథకం ఈ ఒడ్డుకు పనికిరాదు. నది దిగువన ఇసుక తవ్వకాలు కూడా అట్లాంటివే. ఇసుక పోయిన నది నీటిని నిలుపుకోలేదు, పక్క బావులు ఎండుతాయి.

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. పోచారం కట్ట, నిజాంసాగర్ కట్ట, దోమకొండ, కౌలాస్, నాగన్న బావి అన్నీ ఈ కొత్త జిల్లాలోకే వచ్చాయి. తమ జిల్లా అని చెప్పుకోవడానికి ఇక్కడి పిల్లలకు ఇన్ని ఉన్నాయని అప్పుడు చాలామందికి తెలిసింది.

ఆ తరవాత 2025 ఆగస్టు చివరి వారం. కామారెడ్డి జిల్లాలో ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లు దాటిన వాన కురిసిన చోట్లున్నాయి. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. భిక్‌నూర్ దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. పోచారం కట్ట మీద అందరి ప్రాణాలూ ఉగ్గబట్టుకొని ఉన్నాయి. సుమారు 70 వేల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టిన దాని మీదికి 1.8 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిందని అధికారులు చెప్పారు. కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. కట్ట పక్కన మట్టి కోతపడింది. రాయి, సున్నం మాత్రం నిలబడ్డాయి. నూరేళ్ళు దాటిన ఆ కట్టుబడి తన కింద ఉన్న ఊళ్ళను ఆ రాత్రి కాపాడింది.

ఆ వరద తరవాత పోచారాన్ని చూడటానికి జనం ఇంకా ఎక్కువగా వచ్చారు. ఈసారి చాలామంది నీటి తెరను చూసి ఊరుకోలేదు. కోతపడిన చోటుకు పోయి నిలబడ్డారు, పాత రాతిని ముట్టుకున్నారు, దీన్ని కట్టిందెవరని అడిగారు. అట్లా అడిగినవాళ్ళకు జవాబు చెప్పే ఒక చిన్న పలక కూడా అక్కడ లేకపోవడం నాకు బాధ. రాయి ఎక్కడి నుంచి వచ్చింది, సున్నం ఎట్లా నూరారు, మత్తడి అంత పొడుగు ఎందుకు, ఎన్ని ఊళ్ళు తడుస్తున్నాయి, నిజాంసాగర్ కింద ఏ ఊళ్ళు మునిగాయి, వాటి పేర్లేమిటి. ఇవన్నీ తెలుగులో, ఉర్దూలో, బడిపిల్లలు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, రెండు కట్టల దగ్గరా రాయించాలి. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. మరమ్మతు పనులు నడిచేటప్పుడే చేయించవచ్చు.

పోదామనుకునేవాళ్ళకు రెండు మాటలు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్ళ కోసం, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షుల కోసం పోవాలి. హైదరాబాదు నుంచి జాతీయ రహదారి మీద కామారెడ్డి, అక్కడి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. రైలులో వచ్చేవాళ్ళు కామారెడ్డిలో దిగి బస్సు పట్టుకోవచ్చు. మత్తడి దుంకేటప్పుడు నీళ్ళలోకి దిగొద్దు. పాచిపట్టిన రాయి మీద కాలు నిలవదు, ఆ నీటి వేగం ఈత వచ్చినవాళ్ళను కూడా లాగేస్తుంది. అడవిలో పాటల పెట్టెలు మోగించొద్దు. తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకోండి. వీలైతే కట్ట కింది ఆయకట్టులో ఒక ఊరు చూడండి. కాలువ నీళ్ళు తూము దగ్గర పొలంలోకి మళ్ళే చోట ఒక పావుగంట నిలబడి, నీటికట్టు ఎట్లా పంచుకుంటున్నారో అక్కడి రైతునే అడగండి. ఈ నీళ్ళ గురించి మనకు తెలియనివి ఎన్నో ఆయన చెప్తాడు.